రాత్రి పది దాటిన తరువాత: ఒకరి వ్యాపారం, ఇంకొకరి నిద్ర



ఈ వారం కుటుంబ అధ్యయన పాఠానికి మనం తీసుకున్న విషయం చాలా విచారణల్లో, ముఖ్యంగా పట్టణాల్లో, రోజూ వినబడుతున్నదే. ఇళ్ళ మధ్య బారు వస్తుంది. దాని మేడమీద పాటలు పెడతారు. అర్ధరాత్రి దాకా జనం వస్తూ పోతూ ఉంటారు. పక్క ఇంట్లో పదో తరగతి పిల్లవాడు పరీక్షకు చదువుకోవాలి. ఎదురింటి నర్సమ్మ తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళాలి. కింది వాటాలోని పెద్దాయనకు గుండె జబ్బు. ఇటు చూస్తే ఆ బారులోనే వంటవాడుగా, సర్వరుగా, వాచ్‌మన్‌గా పనిచేసేవారూ మనలాంటి కుటుంబాలవారే. వారి పిల్లల ఫీజులు ఆ జీతంలో నుంచే కట్టాలి.

ఇక్కడ న్యాయం ఎవరి పక్షాన ఉంది? "మద్యం పాపం, మూసెయ్యండి" అంటే సరిపోతుందా? "వాళ్ళకు లైసెన్సు ఉంది, మనమేం చేయగలం" అని కిటికీలు మూసుకుంటే సరిపోతుందా? ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే. కాస్త ఓపికగా ఒక్కొక్క అంశాన్నే పరిశీలిద్దాం.

1. రెండు గడియారాలు

ముందుగా తెలుసుకోవలసినది ఒకటుంది. మద్యం అమ్మడానికి ఒక చట్టం, శబ్దం చేయడానికి ఇంకొక చట్టం. చాలామంది ఈ రెంటినీ కలిపేసి గందరగోళపడుతున్నారు.

మద్యం విషయం మన రాజ్యాంగంలోని 7వ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల జాబితాలోనిది. మన రెండు రాష్ట్రాల్లోనూ దీనికి మూలం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టమే. బారుకు ఎక్సైజు శాఖ ఇచ్చే లైసెన్సును వాడుకలో 2బి లైసెన్సు అంటారు. ఏ గంట నుంచి ఏ గంట వరకు మద్యం అమ్మవచ్చునో ఆ శాఖే నిర్ణయిస్తుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా, విధానాలు మారినప్పుడల్లా ఆ గంటలూ మారుతుంటాయి.

శబ్దం సంగతి వేరు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2000వ సంవత్సరంలో శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు తెచ్చింది. ఇవి దేశమంతటికీ వర్తిస్తాయి. వీటి లెక్కలో రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. ఆ వేళల్లో బహిరంగంగా మైకులు, లౌడు స్పీకర్లు వాడరాదు. పగటిపూట వాడాలన్నా అధికారుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి.

కాబట్టి అర్ధరాత్రి వరకు మద్యం అమ్ముకునే అనుమతి ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి వరకు వీధికి పాటలు వినిపించే అనుమతి ఉన్నట్లు కాదు. ఈ రెండు గడియారాలు వేరువేరుగా తిరుగుతాయి. "మాకు లైసెన్సు ఉందండీ" అని యజమాని చెప్పినప్పుడు, "దేనికి ఉంది బాబూ?" అని అడగగలగడమే మొదటి మెట్టు.

ఇందులో ఒక మినహాయింపు ఉన్నది. ఆడిటోరియం, సమావేశ మందిరం, విందు హాలు వంటి మూసి ఉన్న చోట, లోపలివారికి వినబడేంత వరకు రాత్రిపూట కూడా వాడుకోవచ్చు. పబ్బుల యజమానులు ఎక్కువగా చూపేది దీనినే. కాని 2010లో నియమాలను సవరించినప్పుడు దీనికొక హద్దు పెట్టారు. ప్రైవేటు స్థలంలో వాడే సౌండు, ఆ స్థలం సరిహద్దు దగ్గర కొలిస్తే, ఆ ప్రాంతానికి నిర్ణయించిన పరిమితి కంటే 5 డెసిబెల్స్ కు మించి పెరగరాదు. ఇక మేడమీద రేకులు వేసి, చుట్టూ తెరిచి ఉంచిన చోటును మూసి ఉన్న హాలు అని ఎవరు ఒప్పుకుంటారు?

2. డెసిబెల్ అంటే ఎంత?

ఈ నియమాలు ప్రాంతాలను నాలుగు రకాలుగా విభజించాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40.

ఈ అంకెలను కూరగాయల తూకంలాగా చదవకూడదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. మన చెవికి సుమారు రెండింతలైనట్లు తోస్తుంది. అంటే 45 ఉండవలసిన చోట 65 ఉంటే అది "20 ఎక్కువ" మాత్రమే కాదు. శక్తిలో అది నూరు రెట్లు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పాటలోని సన్నని స్వరాలను గోడలు, తలుపులు చాలావరకు ఆపగలవు. డ్రమ్ము దెబ్బ, బేసు శబ్దం మాత్రం గోడలోంచి, నేలలోంచి వస్తాయి. లోపల కూర్చున్నవారికి అది పాట. పక్కింటివారికి పాట వినబడదు, "దబ్ దబ్" మనే దెబ్బ ఒక్కటే ఛాతీకి తగులుతుంది. పైగా మామూలుగా వాడే కొలత మనిషి చెవిని అనుసరించి, ఈ లోతైన శబ్దాన్ని తక్కువగా లెక్కిస్తుంది. అందుచేత మీటరులో అంకె తక్కువగా కనిపించినా మంచం మీద మనిషికి నిద్ర పట్టకపోవచ్చు. అటువంటి వారిని "మీకు ఓర్పు లేదు" అని తీసిపారేయడం న్యాయం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరపు దేశాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, రాత్రివేళ ఇంటి బయట సగటు శబ్దం 40 డెసిబెల్స్ మించకుండా ఉండడం మంచిదని సూచించింది. రాత్రుళ్ళు పదేపదే నిద్ర చెడితే రక్తపోటు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందన్నది వైద్యులు చెప్పే మాట. కాబట్టి నిద్రను అడగడమంటే విలాసాన్ని అడగడం కాదు, ఆరోగ్యాన్ని అడగడం.

3. మన రాష్ట్రాల అనుభవం

మద్యం మీద సామాన్య ప్రజలు మాట్లాడడం మన తెలుగునాట కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన స్త్రీలు, రోశమ్మగారి వంటివారు ముందు నడువగా, సారాకు వ్యతిరేకంగా నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కాని దొంగసారా, పొరుగు రాష్ట్రాల నుంచి అక్రమ రవాణా, ఖజానాకు లోటు అన్న కారణాలతో 1997లో దానిని సడలించారు.

ఈ చరిత్రలో రెండు పాఠాలున్నాయి. చదువురాని స్త్రీలు కూడా ఒక్కటైతే ప్రభుత్వమే కదులుతుంది అన్నది మొదటిది. చట్టం చేసినంత మాత్రాన పని పూర్తి కాదు, దానిని రోజూ అమలు చేసేవారు కావాలి అన్నది రెండవది.

ఇక శబ్దం విషయానికి వస్తే, హైదరాబాదు జూబ్లీహిల్స్ ఉదాహరణ మన కళ్ళెదుటే ఉన్నది. నివాస ప్రాంతంగా పెరిగిన ఆ కాలనీలో పెద్ద రోడ్ల వెంబడి పబ్బులు వచ్చాయి. పాటలు, వాహనాల హారన్లు, అర్ధరాత్రి కేకలు భరించలేక అక్కడి నివాసుల సంఘం తెలంగాణ హైకోర్టుకు వెళ్ళింది. 2022 సెప్టెంబరులో హైకోర్టు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పబ్బుల్లో సంగీతం వినిపించరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అనుమతించిన వేళల్లో మద్యం అమ్మకాన్ని మాత్రం ఆపలేదు. మనం పైన చెప్పుకున్న రెండు గడియారాల సంగతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తరువాత పబ్బుల వారు అప్పీలు చేసుకోగా, అదే సంవత్సరం డివిజన్ బెంచి ఆ ఉత్తర్వును నగరమంతటికీ కాక, ఆ కేసుకు సంబంధించిన జూబ్లీహిల్స్ పబ్బులకు పరిమితం చేసింది.

ఒక కాలనీవారు ఇంత దూరం వెళ్ళగలిగారంటే వారికి లాయర్లను పెట్టుకునే స్తోమత ఉన్నది. కాని ఇరుకు సందులో, వైన్ షాపు పర్మిట్ రూము వెనుక రెండు గదుల ఇంట్లో ఉండే కూలి కుటుంబం ఏ కోర్టుకు వెళ్ళగలదు? నిద్ర పేదవాడికి కూడా అంతే అవసరం గదా. నిజానికి ఒళ్ళు అలిసేలా పనిచేసేవానికి ఇంకా ఎక్కువ అవసరం. విచారణ సంఘాలు పట్టించుకోవలసినది ముందుగా ఇటువంటి వీధులను.

4. ఇంగ్లండు పద్ధతిలో ఒక మంచి మాట

ఇతర దేశాలు దీనిని ఎలా ఎదుర్కొన్నాయో ఒకటి చూద్దాం. ఇంగ్లండు, వేల్సులకు 2003లో కొత్త లైసెన్సింగు చట్టం చేశారు. అది 2005 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. మద్యానికి, వినోదానికి, రాత్రి పొద్దుపోయాక వేడి తిండి అమ్మడానికి, అన్నిటికీ కలిపి ఒకే చట్టం. లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిలు. ఆ కౌన్సిలు నాలుగే ప్రశ్నలు చూడాలి: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడడం, ప్రజల భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూడడం, పిల్లలకు హాని కలగకుండా కాపాడడం.

ఈ పద్ధతిలో పొరుగువారికి రెండు సందర్భాల్లో మాట ఉంటుంది. లైసెన్సు ఇవ్వకముందు దరఖాస్తు వివరాలు బహిరంగంగా ప్రకటిస్తారు, అభ్యంతరాలు రాసి ఇవ్వవచ్చు. ఇచ్చిన తరువాత కూడా ఇబ్బంది కలిగితే ఆ లైసెన్సును పునఃపరిశీలించమని అడగవచ్చు. అప్పుడు కౌన్సిలు మూసెయ్యనక్కరలేకుండానే గంటలు తగ్గించవచ్చు, సంగీతం ఆపించవచ్చు, తలుపులు మూసి ఉంచాలని షరతు పెట్టవచ్చు.

అక్కడే 2018లో ప్రణాళికా విధానంలో ఇంకొక సూత్రం చేర్చారు. ఎప్పటి నుంచో పాటకచేరీలు జరిగే చోటు పక్కన ఎవరైనా కొత్తగా ఇళ్ళు కడితే, శబ్దం లోపలికి రాకుండా చూసుకునే బాధ్యత ఆ కొత్తగా కట్టినవారిదే. తరువాత వచ్చినవాడు ముందున్నవానికి సర్దుకోవాలన్నది ఇందులోని న్యాయం. ఆ లెక్కన ముందే ఇళ్ళున్న చోటికి బారు వస్తే, గోడలకు శబ్దం ఆపే ఏర్పాటు చేయవలసినది బారువారే. ఈ సూత్రం ఇరుపక్షాలకూ సమానంగా వర్తిస్తుంది కాబట్టి ఎవరూ కాదనలేరు.

5. వ్యాపారికి కూడా న్యాయం

అట్లాగని వ్యాపారం చేసేవారిని శత్రువులుగా చూడకూడదు. కానా పల్లెలో పెండ్లివిందుకు వెళ్ళిన ప్రభువును మనం ఆరాధిస్తున్నాం. సంతోషంగా కూడుకోవడం, పాట పాడడం తప్పు కాదు. శ్రీసభ ఖండించేది మితిమీరడాన్ని. పగలంతా పనిచేసి రాత్రి పదకొండుకు భోజనం చేసే మనిషికి హోటలు తెరిచి ఉండడం అవసరమే. గిటారు, కీబోర్డు వాయించి బ్రతికే యువకులు మన గాయక బృందాల్లోనే ఉన్నారు.

మన కోరిక ఏమిటో మనకే స్పష్టంగా ఉండాలి. బాధ శబ్దం వల్ల అయితే శబ్దం తగ్గించమని అడగాలి. వాహనాలు గేట్లకు అడ్డంగా పెట్టడం వల్ల అయితే పార్కింగు గురించి అడగాలి. మైనర్లకు మద్యం పోస్తున్నారంటే అది వేరే నేరం, దానికి వేరే ఫిర్యాదు. అన్నిటినీ కలిపి "మూయించండి" అని ఒకే మాట అంటే, అధికారి ఏదీ చేయకుండా తప్పించుకోవడానికి వీలు దొరుకుతుంది. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క నివారణ అడిగితే అతడు జవాబు చెప్పి తీరాలి.

యజమాని చేయగలిగిన పనులు కూడా పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. స్పీకర్లను వీధివైపు కాక లోపలివైపు తిప్పడం, వాటి కింద రబ్బరు దిమ్మలు పెట్టడం, బేసు తగ్గించడం, పది తరువాత మేడమీది భాగాన్ని మూయడం, జనం వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఒక మనిషిని నిలిపి కేకలు వేయకుండా చూడడం, ఖాళీ సీసాలను అర్ధరాత్రి కాక ఉదయం పారబోయించడం. ఈ చిన్న పనులతోనే సగం తగాదాలు తీరిపోతాయి.

6. మన గుడి మైకు సంగతి

ఇక అందరికంటె మనల్ని మనం ప్రశ్నించుకోవలసిన చోటు వచ్చింది. చెన్నైలో ఒక పెంతెకోస్తు సంఘం ప్రార్థనల్లో డ్రమ్ములు, లౌడు స్పీకర్లు వాడుతుండగా పక్క కాలనీవారు ఫిర్యాదు చేశారు. ఆ సంఘం మత స్వాతంత్ర్యం తమ హక్కు అని సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఇతరుల శాంతికి భంగం కలిగించి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని, లౌడు స్పీకరు మతంలో భాగం కాదని తేల్చింది. 2005 జూలైలో ఇంకొక ముఖ్యమైన తీర్పులో, నిశ్శబ్దంగా బ్రతకడం జీవించే హక్కులో భాగమని, ఇష్టం లేనివారిని బలవంతంగా వినేటట్లు చేసే హక్కు ఎవరికీ లేదని వివరించింది.

ఇప్పుడు మన విచారణ వైపు చూద్దాం. పాలక పునీతుల పండుగకు రాత్రి పదకొండు దాకా బాక్సులు మోగిస్తున్నామా? తపస్సు కాలంలో ఉదయం 5 గంటలకే గోపురం మీది హారన్లో పాటలు పెడుతున్నామా? నియమాల ప్రకారం 6 గంటలకు ముందు అది ఇంకా రాత్రే. పండుగలకు సంవత్సరంలో 15 రోజులకు మించకుండా, రాత్రి 10 నుంచి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. అది కూడా 12 వరకే. కాబట్టి క్రిస్మస్ నడిరేయి పూజలో 12 దాటిన తరువాత బయటి హారన్లు ఆపి, గుడిలోపల ఉన్నవారికి వినబడేంత సౌండుతో పూజ జరుపుకుంటే సరిపోతుంది. ఆ రాత్రి బెత్లెహేములో మైకులేవీ లేవు గదా!

2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అన్ని మతాలకూ అదే నియమం. మన ఊరేగింపులో జనరేటరు బండి మీద పెట్టెలు పేర్చి, పక్క వీధి బారు మీద ఫిర్యాదు రాస్తే, ఆ కాగితానికి ఏం విలువ ఉంటుంది? 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు సృష్టి పరిరక్షణ మీద ఇచ్చిన 'లౌదాతో సి' విశ్వలేఖలో, నగరాల్లో మనిషి బ్రతుకును చెడగొట్టే వాటిలో శబ్దాన్ని కూడా లెక్కించారు. ఆ శబ్దంలో మనది ఎంతో ముందు కొలుచుకుందాం.

7. ఏం చేయవచ్చు?

(అ) ముందు నేరుగా మాట్లాడండి. పగటిపూట, కోపం లేని సమయంలో, ఇద్దరు ముగ్గురు పెద్దలు వెళ్ళి యజమానిని కలవండి. చాలాసార్లు మేనేజరుకు తెలిసిన సంగతి యజమానికి తెలియదు.

(ఆ) లెక్క రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ రకం శబ్దం, ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది అని ఒక నోటు పుస్తకంలో మూడు, నాలుగు వారాలు రాయండి. ఫోనులోని కొలత యాప్ సరిగ్గా ఉండదు, కాని తేడా చూపడానికి పనికి వస్తుంది.

(ఇ) కలిసి అర్జీ ఇవ్వండి. పది తరువాత శబ్దం వస్తుంటే 100 లేక 112 నంబరుకు ఫోను చేయవచ్చు. రాతపూర్వక ఫిర్యాదు పోలీసు వారికి, ప్రతి ఎక్సైజు శాఖకు, ఒక ప్రతి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి. సోమవారాల్లో కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజల అర్జీల స్వీకరణలో కూడా ఇవ్వవచ్చు. ఇచ్చిన ప్రతి కాగితానికి రసీదు తీసుకోండి.

(ఈ) లైసెన్సు పునరుద్ధరణ సమయం తెలుసుకోండి. అప్పుడు అందిన అభ్యంతరానికి అధికారులు మామూలు రోజుల్లో కంటే ఎక్కువ విలువ ఇస్తారు.

(ఉ) అవసరమైతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షను, ప్రజలకు ఇబ్బంది కలిగించే పనిని ఆపమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించే వీలు కల్పిస్తున్నది. పాత చట్టంలో ఇది 133వ సెక్షను.

(ఊ) ఒంటరిగా వెళ్ళకండి, దౌర్జన్యానికి దిగకండి. వీధిలోని హిందూ, ముస్లిం సోదరులను కూడా కలుపుకోండి. నిద్రకు మతం లేదు. బోర్డులు పగలగొట్టడం, పనివాళ్ళను తిట్టడం వల్ల మన న్యాయం మనమే పోగొట్టుకుంటాం.

సోదర సోదరీమణులారా, అందరి మేలు అంటే ఎక్కువమంది మేలు అని కాదు. పక్క ఇంట్లో ఉన్న ఒక్క రోగి మేలు కూడా అందులో ఉంటుంది. గిన్నెలు కడిగే కుర్రవాడి కూలి కూడా అందులో ఉంటుంది. ఈ ఇద్దరినీ మరిచిపోని పరిష్కారం వెదకడమే మన పని.

కుటుంబంలో, విచారణ సంఘాల్లో చర్చించడానికి

1. మన వీధిలో రాత్రి పది తరువాత వినబడే శబ్దాలు ఏవి? వాటిలో మన ఇంటి టీవీ, మన పెండ్లి పందిరి, మన గుడి మైకు ఉన్నాయా?

2. మన విచారణలో రాత్రి డ్యూటీలు చేసేవారు, దీర్ఘరోగులు, పరీక్షలు రాసే పిల్లలు ఉన్న ఇళ్ళు ఎన్ని? వారిని ఎవరైనా అడిగారా?

3. బార్లలో, హోటళ్ళలో పనిచేసే మన విచారణ యువకుల కష్టాలు ఏమిటి? అర్ధరాత్రి వారు ఇంటికి ఎలా చేరుతున్నారు?

4. ఈ సంవత్సరం పండుగ కార్యక్రమంలో మైకును ఎన్ని గంటలకు ఆపుదామో విచారణ సభలో ఇప్పుడే తీర్మానించి, గుడి బోర్డు మీద రాసి పెట్టగలమా?